డాక్టరమ్మ అడిగిన నెల రోజులు

పాప చేతికి ఇంకా స్పిరిటు వాసన వస్తోంది. పొద్దున ఆస్పత్రిలో సూది వేయించాక ఒళ్లు తుడిచాను, పాలు పట్టాను, పడుకోబెట్టాను. అయినా పోలేదు. జ్వరం తగ్గిందో లేదోనని మాటిమాటికీ నుదురు ముట్టుకుంటున్నాను. వంగినప్పుడల్లా ఆ వాసన నన్ను రాయచూరు దగ్గర మాన్వి తాలూకాలోని మా క్యాంపుకి, మా డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోతోంది. పొద్దున సూది వేస్తుంటే ఇక్కడి కుర్ర డాక్టరు చెయ్యి వణికింది. నేను చూశాను. నేను చూడడం అతనూ చూశాడు.

మావాళ్లు కాలవ నీళ్లను నమ్ముకుని కోస్తా నుంచి వచ్చినవారు. నల్లరేగడిలో గుడిసెలు వేసుకున్న చోటికే క్యాంపు అని పేరు పడింది. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఒకే సర్కారు దవాఖానా, అందులో ఒకే ఒక్క డాక్టరు, రాయచూరులో పుట్టి పెరిగిన శకుంతలాబాయి గారు. కాలవతో పాటే చలిజ్వరాలు వచ్చాయి. పొలాల్లో పాము కాట్లు, ఆగని కాన్పులు, అన్నీ ఆవిడ మీదే. హైస్కూలు చివరి పరీక్షల ముందు నేను జ్వరంతో పడిపోతే, "ఏడ్చుడెందుకు బిడ్డా? జ్వరం దిగుతది, పరీక్షకు పోతవు" అన్నారు. తర్వాత మా నాన్న వైపు తిరిగి, "సుబ్బారావు గారూ, పిల్ల హుషారున్నది, కాలేజీకి పంపుండ్రి. ఇంట్ల కూసోబెట్టిన్రంటే, నేనే వచ్చి కొట్లాడ్త" అన్నారు. నాన్న నవ్వేసి పంపించారు. నేను బీయే చదివానంటే ఆ మాట వల్లే.

రెండో ఏడు సెలవులకి వచ్చినప్పుడు ఆవిడ నన్ను పిలిపించారు. దవాఖానా వరండా నిండా జనం. ఆవిడ కళ్ల కింద నల్లగా ఉంది. "తాలూకా బోర్డుకు అర్జీ రాయాలె. నాలుగు దినాల సంది మొదలుపెడ్తున్న, రెండు లైన్లు దాటుతలేదు. నేను చెప్త, నువ్వు ఇంగ్లీషుల మంచిగ పెట్టు" అన్నారు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు పెన్సిలుతో రాసుకున్నాను. "నాకు నిద్ర పడ్తలేదు. చేతులు వణుకుతున్నయి. ఎదురుంగ తల్లి ఏడుస్తున్నా నాకేం అనిపిస్తలేదు, అదే భయమైతున్నది. ఒక్క నెల సెలవు కావాలె. ఆ నెల నా జాగల ఇంకో డాక్టరును పెట్టి, బోర్డే జీతమియ్యాలె. నాకొక్కదానికే కాదు, ఒంటిగ పనిచేసే డాక్టర్లందరికీ ఏడాదికొకపారి గిట్ల ఇయ్యాలె." మధ్యలో ఎవరో ముసలమ్మ, "డాక్టరమ్మా, నా వంతెప్పుడు?" అని కేకేసింది. "ముందు నా వంతెప్పుడో తేలనీ అవ్వా, తర్వాత నీది చెప్త" అని ఆవిడ నవ్వారు. నేనూ నవ్వాను.

నాన్న అప్పుడు బోర్డులో మెంబరు. పెన్సిలు కాగితం చదివి తల అడ్డంగా ఊపారు. "ఇది బోర్డులో చదివితే పిచ్చి పట్టిందంటారమ్మా. ఇటుకకీ సిమెంటుకీ డబ్బిస్తారు గానీ నిద్రకెవరిస్తారు? ఉండడానికి సరైన ఇల్లు లేదని రాయి. ఆవిడ పరువూ నిలుస్తుంది, పనీ అవుతుంది." నాన్నది చెడ్డ ఉద్దేశం కాదు. నిజం చెప్పాలంటే, ఆ మాటలు ఇంగ్లీషులో పెట్టడానికి నాకే సిగ్గేసింది. అందరూ చదివే కాగితంలో మా డాక్టరమ్మ చేతులు వణుకుతున్నాయని ఎలా రాయను? వసతి లేక వైద్యానికి ఇబ్బందిగా ఉందని, చక్కని వాక్యాలతో రాశాను. సంతకానికి తీసుకెళ్తే ఆవిడ ఎవరో పిల్లవాడి గొంతు చూస్తూనే చెయ్యి చాపారు. "ఒకసారి చదవండి" అన్నాను. "నువ్వు రాసినవు గదా, ఇంక చూసుడేంది?"

బోర్డు వెంటనే ఒప్పుకుంది. మావాళ్ల సంబరం ఇంతా అంతా కాదు. ఇంటికొకరు చొప్పున వంతులేసుకుని పనిచేసి, నాట్లు మొదలయ్యేలోపే దవాఖానాని ఆనించి రెండు గదులు లేపారు. ఆవిడ మంచం వేసే చోట, తలవైపు, రోడ్డు మీదికి పెద్ద కిటికీ పెట్టించింది నాన్నే. "పిలిస్తే వినపడాలి కదా. పాపం, తలుపు దాకా రావక్కర్లేదు" అన్నారు. అందరూ మంచి ఆలోచన అన్నారు. గృహప్రవేశం రోజు పాలు ఇంకా పొంగలేదు, ఆ కిటికీలోంచి ఒక గొంతు, "డాక్టరమ్మా, మా అత్తకి వాంతులండీ!" అంది. "బోణీ అయిందండోయ్!" అని మావాళ్లు చప్పట్లు కొట్టారు. ఆవిడ కిటికీ వైపు చూడలేదు, నా వైపు చూశారు. "నేను ఇల్లు అడిగిన్నా బిడ్డా?" అన్నారు, నాకు మాత్రమే వినపడేలా. చేతులు కడుక్కుని ఆ అత్తని చూడడానికి వెళ్లిపోయారు.

తర్వాతి సెలవులకి వచ్చేసరికి ఆ కిటికీ లేదు. ఒక మధ్యాహ్నం ఆవిడ దవాఖానా మూసేసి, తనే మట్టి కలిపి, మిగిలిపోయిన ఇటుకలతో కిటికీని కింది నుంచి పై దాకా పూడ్చేశారట. జనం రోడ్డు మీద నిలబడి చూశారట. "గాలి సోకిందే ఆవిడకి. ఒక్క మాట మాట్లాడితే ఒట్టు" అంది అమ్మ. మర్నాడు వాళ్ల అన్నయ్య వచ్చి రాయచూరు తీసుకుపోయారు.

కాలేజీ తెరిచాక రాయచూరులో వాళ్లింటికి ఆవిడని చూడ్డానికి వెళ్లాను. వరండాలో కుర్చీలో, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. "మంచిగ చదువుతున్నవా?" అని అడిగారు. "ఆ అర్జీలో నేను..." అని మొదలుపెట్టాను. "ఎరుకే. తర్వాత చదివిన" అన్నారు. "ఇంగ్లీషు మంచిగున్నది." ఆవిడ మళ్లీ వైద్యం చేయలేదు. మా పాప పుట్టకముందే పోయారు.

ఆ పెన్సిలు కాగితం నా బీయే సర్టిఫికెట్టు మడతలో ఉంది. అక్షరాలు వెలిసిపోయాయి గానీ చదవగలను. పొద్దున కుర్ర డాక్టరుని, "మీరు సెలవు పెట్టి ఎన్నాళ్లయిందండీ?" అని అడిగాను. అతను వరండాలోని జనాన్ని చూసి, "నేను పోతే వీళ్లంతా ఎక్కడికి పోతరమ్మా?" అన్నాడు. పాప నుదురు ఇప్పుడు కాస్త చల్లబడింది. రేపు చూపించడానికి తీసుకెళ్లినప్పుడు, అర్జీ రాసిపెడతానని అతనితో చెబుతాను. ఒప్పుకుంటే పక్కన కూర్చుని, అతను ఏ మాట చెబితే ఆ మాటే రాస్తాను. సంతకం పెట్టేముందు పైకి చదివి వినిపిస్తాను.