ఆర్డిత్ తడిగుడ్డ

మా చర్చిలో చివరి బల్ల చివర, నడవ పక్కన కూర్చునే మనిషి డెల్మార్ వాస్. ఆఖరి కీర్తన సగంలో ఉండగానే ఆయన జేబులో తాళంచెవి గలగలమంటుంది. మేం ఆమెన్ అనేసరికి బయట ఇంజను మోగుతూ ఉంటుంది. ఆయన భార్య ఆర్డిత్ మాత్రం పాటల పుస్తకాలు సర్ది, ముసలివాళ్లకు కోట్లు తొడిగి, ఎవరి మోకాలు ఎలా ఉందో అడిగి గానీ కదలదు. కానీ ఆమె సంచి ఎప్పుడూ భుజాన్నే. పెళ్లయిన నాటినుంచీ ఆ ఇంజను మోగితే చాలు, ఆమె చెయ్యి దానంతటదే సంచి మీద పడుతుంది.

డెల్మార్ మా నెబ్రాస్కా పల్లెలకు ఉత్తరాలు పంచినవాడు. ఉద్యోగం అయిపోయాక కాలుగాలిన పిల్లి అయిపోయాడు. ఆయన చిన్నతనంలో తండ్రికి పక్షవాతం వచ్చి ఏళ్ల తరబడి కుర్చీకే పరిమితమయ్యాడట. బడి నుంచి రాగానే ఈ పిల్లవాణ్ణి ఆ కుర్చీ పక్కన కూర్చోబెట్టేవారు. "అప్పుడు కూర్చున్నది చాలు, ఇక ఈ జన్మలో కూర్చోను అనుకున్నట్టున్నాడు" అంటుంది ఆర్డిత్.

ఆయనకు పాత మజిల్ కారు ఒకటి ఉంది. రెండు తలుపులు, రేగుపండు రంగు, ముందు భాగమంతా ఇంజనే. అన్న రాయిస్‌తో కలిసి గడ్డివామి కొట్టంలో బాగుచేసుకున్నాడు. శబ్దం గంభీరంగా ఉండాలని లావుపాటి పొగగొట్టాలు తానే బిగించాడు. అవి ఇంజన్ను లేపే స్టార్టరు పక్కనుంచే పోతాయి. వేడిమీద ఇంజను ఆపితే స్టార్టరు కాగిపోయి, చల్లారేదాకా గంటసేపు ఉలకదు. గంటసేపు ఒకచోట నిలబడటం డెల్మార్ వల్ల అయ్యే పని కాదు. అందుకని పెట్రోలుకు తప్ప ఇంజను ఆపడు. భోజనమైనా సరే, ఇంజను మోగుతుండగా బానెట్ మీద సాండ్‌విచ్ పెట్టుకుని నిలబడి తింటాడు.

ఫిబ్రవరిలో రాయిస్‌కూ తండ్రిలాగే పక్షవాతం వచ్చింది. ఆయన ఉండేది ఐడహోలో, స్నేక్ నది ఒడ్డున. డెల్మార్ వెళ్లలేదు. మంచు అన్నాడు, తర్వాత టైర్లన్నాడు. జూన్‌లో ఉన్నట్టుండి, "పద, పసిఫిక్ సముద్రం చూసొద్దాం" అన్నాడు.

"వస్తాను. మీ అన్నయ్య దగ్గర ఆగాలి" అంది ఆర్డిత్.

"ఆగుదాంలే. వాకిట్లో పలకరించి పోదాం."

"వాకిట్లోనా? ఆయన ఏమైనా పోస్టుడబ్బానా, ఉత్తరం పడేసి పోవడానికి?"

డెల్మార్ లేచి టైర్లకు గాలి కొట్టడానికి వెళ్లాడు. దాన్నే ఆమె ఒప్పుకోలుగా తీసుకుంది. దారి పొడుగునా ఆమె చేసిన ప్రార్థన ఒక్కటే: ప్రభూ, ఈయన్ని ఆ ఇంట్లో కాసేపు కూర్చోబెట్టు.

వయోమింగ్‌లో గాలి విసురుగా ఉంది. ఒక పెట్రోలు బంకులో ఇంజను ఆపారు. ఆపగానే డెల్మార్ కంచె వెంబడి నడక మొదలుపెట్టాడు, దూరంగా, టోపీ పట్టుకుని. గడ్డిమోపుల ట్రక్కులోంచి ఒకావిడ దిగి ఆర్డిత్ దగ్గరికి వచ్చింది.

"ఏమ్మా, బండి మొరాయించిందా?"

"చల్లారాలండీ. గంట పడుతుంది."

"మా ఆయన ట్రాక్టరుకీ ఇదే రోగం. ఉండు." ఆవిడ ఐసుపెట్టెలోంచి తాను తాగడానికి ఉంచుకున్న నీళ్లే తీసి, పసుపు గళ్ల వంటింటి గుడ్డ మీద పోసింది. దాణా సంచి నేలమీద పరిచి, దానిమీద పడుకుని కారు కిందికి దూరి, ఆ గుడ్డ స్టార్టరుకు చుట్టింది. కాసేపటికి గుడ్డ తీసి ఆర్డిత్ చేతిలో పెట్టి, "ఉంచుకో, దారిలో పనికొస్తుంది" అని వెళ్లిపోయింది. పేరైనా చెప్పలేదు. దేవుడు మనుషుల్ని ఇలాగే పంపుతాడని ఆర్డిత్ నమ్మకం, నాదీ అంతే.

డెల్మార్ తిరిగొచ్చి తాళంచెవి తిప్పాడు. ఒక్కసారికే అందుకుంది. "చూశావా, గాలికి ఎంత తొందరగా చల్లారిందో!" అన్నాడు. ఆర్డిత్ చెప్పబోయింది. అప్పటికే కారు రోడ్డెక్కింది. తర్వాత చెబుదామనుకుంది. ఆ తర్వాత, ఎందుకు చెప్పాలి అనుకుంది. గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం రాయిస్ వాకిట్లో కారు ఆగింది. ఇంజను మోగుతూనే ఉంది. తోడికోడలు లవాన్ తలుపు తీసి, "ఏం మరిదీ, దిగవా? చెయ్యి పట్టి దింపాలా?" అంది. డెల్మార్ కిటికీలోంచి చెయ్యూపాడు. ఇంతలో చప్పుడు విని రాయిస్ ఊతంగా పట్టుకుని నడిచే చట్రంతో లవాన్ పక్కకు వచ్చాడు. సగం ముఖం జారిపోయి ఉంది. తమ్ముణ్ణి చూసి మెట్టు దిగబోయాడు. చట్రం కాలు మెట్టు తప్పింది.

డెల్మార్ కారు తలుపు బార్లా వదిలేసి ఉరికాడు. అన్నను చంకల కింద పట్టుకున్నాడు. ఇద్దరూ అక్కడే మెట్టు మీద, ఒకరినొకరు పట్టుకుని నిలబడిపోయారు.

ఆర్డిత్ అన్నాళ్ల కాపురంలో ఎన్నడూ ముట్టని తాళంచెవిని అప్పుడు ముట్టుకుంది. తిప్పింది. వాకిలంతా నిశ్శబ్దమైపోయింది.

"నువ్వు ఆపావా?" డెల్మార్ అరిచాడు.

"ఆపాను."

"గంటదాకా కదలదు!"

"చల్లారనీ."

లోపల లవాన్ కాఫీ, రూబార్బ్ పై అనే పుల్లటి కాడల తీపిరొట్టె పెట్టింది. ప్రార్థన చేసుకున్నారు. బల్ల కింద డెల్మార్ కాలు ఆడుతూనే ఉంది. మధ్యలో లేచి వెళ్లి తాళంచెవి తిప్పి చూశాడు. టక్కుమని ఊరుకుంది. తిరిగొచ్చి కూర్చున్నాడు. మళ్లీ లేచాడు.

"వేడిగానే ఉంది" అన్నాడు, ఎవరూ అడగకుండానే.

రాయిస్ పనిచేసే చేత్తో పొయ్యి కడ్డీకి వేలాడుతున్న తుడిచే గుడ్డను చూపించాడు. "త... త..." అంటున్నాడు. ఆ కొట్టంలో ఇద్దరిలో పెద్ద మెకానిక్కు ఆయనే కదా. తడిగుడ్డ కిటుకు ఆయనకు తెలుసని ఆర్డిత్‌కు అర్థమైంది. గబుక్కున లేచి ఆ గుడ్డ అందుకుని, తడిలేని పళ్లేలను తుడవసాగింది. రాయిస్ ఆమె ముఖంలోకి చూశాడు, గుడ్డకేసి చూశాడు. నవ్వొచ్చే సగం పెదవితో నవ్వాడు.

"ఏంటన్నా? ఏం కావాలి?" డెల్మార్ వంగి అడిగాడు.

రాయిస్ మాట మార్చుకున్నట్టున్నాడు. చాలాసేపు పెనుగులాడి, "కొట్టం..." అన్నాడు.

"కొట్టమా? మన కొట్టమా?"

మళ్లీ ఒక మాట రావాలి. రాదు. డెల్మార్ కాలు ఆడుతోంది. రాయిస్ కళ్లు మూసుకుని వెతుక్కుంటున్నాడు. డెల్మార్ తాను అందించబోయి, నోరు మూసుకున్నాడు. ఎదురుచూశాడు.

"గుడ్లగూబ" అన్నాడు రాయిస్ చివరికి.

"ఒరి దేవుడా, గుడ్లగూబ! అన్నా, అది నీ నెత్తిన..." డెల్మార్ పగలబడి నవ్వాడు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. తర్వాతి మాటకూ అలాగే కాచుకుని కూర్చున్నాడు, ఆ తర్వాతిదానికీ. గంట ఎప్పుడు దాటిందో ఎవరూ చెప్పలేదు. కాలు ఎప్పుడు ఆగిందో ఆర్డిత్ కూడా గమనించలేదట. లవాన్ బంగాళాదుంపలు వేయించింది. పక్కలు పరిచింది.

తెల్లవారాక వంటింట్లో ఉండగా ఇంజను భగ్గుమని మోగింది. ఆర్డిత్ చెయ్యి సంచి మీద పడింది. ఒక్క రాత్రే ఇచ్చావా ప్రభూ అనుకుంటూ వాకిట్లోకి వచ్చింది.

కారులో ఆమె చోట రాయిస్ కూర్చుని ఉన్నాడు, నెత్తిన టోపీ, ఒంటికి బెల్టు. డెల్మార్ మెడ చాచి, "ఊరు చుట్టొస్తాం" అని కేకేశాడు. మలుపు తిరిగినా శబ్దం చాలాసేపు వినబడింది.

కొంతసేపటికి ఫోను మోగింది.

"ఆర్డీ, నది దగ్గరున్నాం. అన్నయ్య ఇంజను ఆపమన్నాడు, నీళ్ల చప్పుడు వినాలట. ఇప్పుడు స్టార్టవట్లేదు."

"ఏమంటున్నారు బావగారు?"

"ఏమంటాడు, నవ్వుతున్నాడు. ఎందుకో ఏమో."

లవాన్ పికప్ ట్రక్కు తాళాలు తీసి, "వెళ్దామా?" అంది.

ఆర్డిత్ సంచిలోంచి పసుపు గళ్ల గుడ్డ తీసింది. పంపు కింద తడిపి పిండింది. దాన్ని చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర కాస్త నిలబడింది. తర్వాత పొయ్యి కడ్డీ మీద లవాన్ గుడ్డ పక్కన ఆరేసింది.

"చల్లారనీ అక్కా" అంది. "కాఫీ ఇంకా ఉందా?"