మాట తప్పిన మధ్యాహ్నం

మొన్న అమీర్‌పేటలో బ్యాంకు పని మీద వెళ్లాను. కౌంటరు అవతల కూర్చున్న పెద్దాయన నా వివరాలు కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాడు. ఒకే వేలు. అక్షరం వెతికి, నొక్కి, తెర వంక చూసి, మళ్లీ ఇంకో అక్షరం. టక్కుమని ఒక చప్పుడు, కాసేపు ఏమీ లేదు, మళ్లీ టక్కు. నా వెనక వరుసలో ఉన్నవాళ్లు విసుక్కుంటున్నారు. నాకు విసుగు కాదు, అరికాళ్లలో ఏదో పాకినట్టయి కుదురుగా నిలబడలేకపోయాను. ఆ చప్పుడు పక్కనే రెండేళ్లు గడిపాను నేను, పంజాగుట్టలో ఒక చిన్న ఆఫీసు గదిలో. అక్కడ ఆ వేలు అనసూయ గారిది.

ఊరంతా సాఫ్ట్‌వేర్ జపం చేస్తున్న రోజులవి. నేను తెనాలి నుంచి వచ్చి, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటూ, అమీర్‌పేటలో జావా నేర్చుకున్నాను. నా గదిలోని ముగ్గురికీ పెద్ద కంపెనీల్లో ఉద్యోగాలు వచ్చేశాయి. నాకు దొరికింది ఒక చిన్న ట్రస్టు. బంజారా హిల్స్‌లో ప్రాక్టీసు చేసే ఒక మానసిక వైద్యురాలు దాన్ని మొదలుపెట్టారు. పోలీసులు, ఫైర్‌మన్లు, హోంగార్డులు ఏదైనా నెట్ సెంటర్లో కూర్చుని, తమకు తోచిన మారుపేరుతో, మనసులో ఉన్నది రాసుకునే వెబ్‌సైటు అది. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవారు. ఇవతల నుంచి వెంటనే జవాబు వెళ్లేది. సైటు ఆగిపోకుండా చూడడం నా పని. మంచి ఉద్యోగం దొరికేదాకానే అనుకుని చేరాను.

జవాబులు రాసే మనిషి అనసూయ గారు. సిరిసిల్లలో మగ్గం నేసే ఇంట్లో పుట్టి, పోలీసు కంట్రోల్ రూములో ఇరవై ఏళ్లకు పైగా ఫోన్లెత్తి రిటైరయ్యారు. ఏం అడగాలో, ఏం అడగకూడదో డాక్టరు గారు ఆవిడకు ఆరు నెలలు నేర్పారట. ఆవిడ మాత్రం అంతకుముందు నుంచే సగం తెలిసినట్టు ఉండేవారు. ఒక కానిస్టేబులు "ఇంటికి పోబుద్ధి కావట్లేదు" అని రాశాడనుకోండి, "ఎందుకు?" అని అడిగేవారు కాదు. "ఇయ్యాల ఏం తిన్నవ్?" అని అడిగేవారు. ఆ తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూసేవారు.

ఆ ఎదురుచూపే నాకు పడేది కాదు. పది నిమిషాలు అవతలి నుంచి ఏమీ రాకపోతే లేచి కిటికీ దగ్గరికి వెళ్లేదాన్ని, వచ్చి తెర చూసేదాన్ని, మళ్లీ వెళ్లేదాన్ని.

"కూసో బిడ్డా," అన్నారు ఒకసారి. "నువ్వు గట్ల తిరుగుతే ఆయన జల్ది రాస్తడా?"

"అదికాదు మేడమ్, లేచి వెళ్లిపోయాడేమో? మనకెలా తెలుస్తుంది?"

"తెల్వదు," అన్నారు. "కంట్రోల్ రూముల గంతే గదా. ఫోన్ చేస్తరు, మొత్తుకుంటరు, మనం బండి పంపిస్తం. ఆ ఎన్క ఏమైందో మనకెవ్వరు చెప్పరు. ఇంకో ఫోన్ మోగుతది, ఎత్తాలె."

ఆవిడకు దిగులే లేదని అప్పుడు అనుకున్నాను. ఎంత పొరపాటో తర్వాత తెలిసింది.

వచ్చేవాళ్లలో ఒకతను "మూడో అంతస్తు" అని పేరు పెట్టుకున్నాడు. ఫైర్‌మన్. ఒక భవనం తగలబడినప్పుడు మూడో అంతస్తులో ఎదురెదురుగా రెండు తలుపులున్నాయట. పొగలో ఏమీ కనిపించక ఎడమ తలుపు పగలగొట్టాడు. ఆ ఇంట్లో ఎవరూ లేరు. కుడి తలుపు వెనక ఒక ముసలాయన ఉన్నాడు, దక్కలేదు. ఈ సంగతి చెప్పడానికి అతనికి నాలుగు వారాలు పట్టింది. స్టేషన్లో ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. అదే అతనికి ఎక్కువ బాధ. మెట్లెక్కాలంటే కాళ్లు వణుకుతున్నాయని, ఆ మాట పై అధికారికి తెలిస్తే ఉద్యోగానికి పనికిరాడంటారని రాసేవాడు. డాక్టరు గారి దగ్గరికి రమ్మని అనసూయ గారు ఎన్నిసార్లు పిలిచినా, "మొకం చూపియ్యలేనమ్మా" అనేవాడు.

ఒక మధ్యాహ్నం అతని దగ్గర నుంచి నాలుగు ముక్కలు వచ్చాయి. ఇక రాయనన్నాడు. తన బట్టలు, పెట్టె అన్నీ తమ్ముడికి ఇచ్చేశానన్నాడు. "మీరు మంచిగ మాట్లాడిన్రు, నా మీద కోపం పెట్టుకోకున్రి" అన్నాడు. అనసూయ గారు ఒక్క వేలితోనే గబగబా జవాబు కొట్టారు. అతను అప్పటికే వెళ్లిపోయాడు.

మా సైటు మొదటి పేజీలో రెండు వాక్యాలుండేవి. "మీ పేరు అడగం. మీరెవరో వెతకం." టైపు చేసింది నేనే. కానీ అతను ప్రతిసారీ ఒకే నెట్ సెంటరు సొంత పేజీలోంచి మా సైటుకు వస్తున్నాడని, ఆ ఆనవాలు మా కంప్యూటరులో నమోదవుతోందని నాకు తెలుసు. ఎప్పుడూ చూడలేదు.

"మేడమ్, ఎక్కడ కూర్చుని రాస్తున్నాడో కనుక్కోగలను," అన్నాను. "కానీ వెతకం అని మాటిచ్చాం కదా."

ఆవిడ డాక్టరు గారికి ఫోన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడారు. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగారు. "చూడు. మాట తప్పుదాం. బతికుంటే తిడ్తడు. తిట్టనీ."

యూసుఫ్‌గూడ అని తేలింది. ఆటోలో కూర్చున్నాక ఆవిడ డ్రైవర్ని పదే పదే తొందరపెట్టారు. "ఒకసారి ఒక పొల్ల ఫోన్ చేసింది," అన్నారు, రోడ్డు వంకే చూస్తూ. "ఎవడో తలుపు కొడుతుండు, జల్ది రమ్మన్నది. ఎక్కడమ్మా అని అడుగుతుండంగనే లైన్ కట్టయింది. ఏ గల్లికని పంపాలె బండి? గా గొంతు ఇప్పటికి ఇనవడుతది నాకు."

రోజూ వచ్చే ఫైర్‌మన్ అనగానే నెట్ సెంటరు ఓనరు గుర్తుపట్టాడు. "గా ఫైర్ అన్ననా? ఇప్పుడే పోయిండు. ఎదురు గల్లీల, నీలం గేటు." తలుపు కొడితే వెంటనే తీయలేదు. అనసూయ గారు కొడుతూనే ఉన్నారు. చివరికి తీశాడు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. గడ్డం పెరిగి ఉంది.

"మూడో అంతస్తు నువ్వే గదా," అన్నారు ఆవిడ.

అతను తెల్లబోయాడు. తర్వాత మొహం ఎర్రబడింది. "ఎతకం అంటిరి గదమ్మా! నమ్మి రాసిన నేను!"

"అవ్ బిడ్డా, మాటిచ్చినం. తప్పినం. ఎంత తిట్టాల్నో తిట్టు, నేను ఈడనే కూసుంట."

గడప మీదే కూర్చున్నారు. అతను నిజంగానే తిట్టాడు. తిడుతూ తిడుతూ గోడకు ఆనుకుని కిందికి జారి ఏడ్చాడు. డాక్టరు గారు కారులో వచ్చేదాకా ఆవిడ అక్కడి నుంచి కదల్లేదు. అతను మాతో వచ్చాడు. ఆసుపత్రిలో కొన్నాళ్లున్నాడు. మళ్లీ డ్యూటీలో చేరాడని చాన్నాళ్లకు అతని తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. అతను మాత్రం మాకెప్పుడూ రాయలేదు.

మర్నాడు అనసూయ గారు మొదటి పేజీలో ఇంకో మాట చేర్చమన్నారు. ఒకరి ప్రాణం కోసం ఇచ్చిన మాట తప్పామని, ఇకముందు కూడా ఎవరి ప్రాణానికైనా ముప్పు అనిపిస్తే వెతుక్కుంటూ వస్తామని.

"ఎవరికీ తెలీదు కదండీ. ఇది చూస్తే అందరూ మానేస్తారు," అన్నాను.

"మానేస్తే మానేస్తరు. రేపు ఇంకొకలు గదే మాట నమ్మి రాస్తరు. మనం అబద్ధం మీద కూసోని ఆళ్ల బాధ ఇనాల్నా?"

నేనన్నట్టే అయింది. కొందరు కోపంగా రాసి వెళ్లిపోయారు, చాలామంది ఏమీ రాయకుండానే వెళ్లిపోయారు. ప్రతి సోమవారం రాసే ఒక హోంగార్డు ఉండేవాడు, కూతురి చదువు గురించీ ఎండలో నిలబడ్డ కాళ్ల గురించీ. అతను కూడా రాలేదు. వారాల తరబడి తెర ఖాళీ. నేను గదిలో అటూ ఇటూ తిరిగి తిరిగి, వేరే ఉద్యోగానికి దరఖాస్తు కూడా పెట్టేశాను. ఆవిడ మాత్రం రోజూ పది గంటలకు వచ్చి కుర్చీలో కూర్చునేవారు. మేము చేసింది తప్పేమో అని ఒకరోజు అడిగాను. "నాకు గూడ తెల్వదు బిడ్డా," అన్నారు. "నిద్ర వడతలేదు నాకు."

ఇంకో పది రోజులకు కొత్త పేరుతో ఎవరో వచ్చారు. మహిళా కానిస్టేబుల్నని చెప్పుకుంది. ఒకటే ప్రశ్న. "నిజంగా వెతుక్కుంటూ వస్తారా?"

అనసూయ గారు ఒక్కొక్క అక్షరమే వెతికి నొక్కారు. "వస్తం."

ఆ అమ్మాయి ఆ రోజు గంటన్నర రాసింది.

ఆ తర్వాత నేను ఏడాదికి పైగా అక్కడే ఉండి, ఒక ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. ఇప్పటికీ అదే పని. అనసూయ గారు పోయి చాలా కాలమైంది. నా దగ్గర పనిచేసే పిల్లలు ఫారం కింద "మీ వివరాలు గోప్యంగా ఉంచుతాం" అని రాసుకొస్తే, ఏ సందర్భంలో ఉంచలేమో అది కూడా రాయండి అంటాను. చాదస్తం అనుకుంటారు. అనుకోనీ.

మేము వెతుక్కుంటూ వెళ్లిన మనిషి బతికాడని నాకు తెలుసు. మా మాట చూసి రాయడం మానేసిన ఆ హోంగార్డు తర్వాత ఎవరితో చెప్పుకున్నాడో, అసలు చెప్పుకున్నాడో లేదో తెలియదు. కొన్ని సోమవారాలు ఆ ఆలోచన వస్తే కూర్చోలేక లేచి తిరుగుతాను. కాసేపటికి వచ్చి పనిలో కూర్చుంటాను. తెలియకపోయినా వచ్చి కూర్చోవడం, అది ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.