హాస్టల్ అని రాయకండి

మనం వలస వచ్చి ఉంటున్న ఈ బ్లాక్‌టౌన్‌కు ఆ పేరెలా వచ్చిందో మన పిల్లలు స్కూల్లో నేర్చుకుంటున్నారు. ఇంటికి వచ్చి అడిగితే మనం తెలుగులో వాడే ‘హాస్టల్’ అన్న మాట తప్పు అర్థాన్నిస్తోంది. అందుకే ఇది ఇప్పుడు రాయవలసి వచ్చింది. నేను హైస్కూల్లో చరిత్ర బోధిస్తాను. వలస పాలకులు ఇక్కడి ఆదివాసుల పిల్లలను ఉంచిన తొలి బడుల్లో ఒకటి ఉండిన చోటికి వచ్చే వారం మా తరగతి వెళుతోంది. ఊరికి ఆ పేరు తెచ్చింది ఆ బడే. తల్లిదండ్రుల కోసం తెలుగులో ఒక పేజీ రాయాలి. ఆ బడిని ఏమనాలో తేలక, ముందుగా చూసి రావాలని శనివారం ఉదయం బయలుదేరాను.

పొరుగింటి రమణగారు కారు తీశారు. ఆయన కూతురు సహస్ర నా విద్యార్థినే. క్వేకర్స్ హిల్ నుంచి రిచ్‌మండ్ రోడ్డు మీదుగా పావుగంట దారి. రోడ్డు పనుల వల్ల ఇంకాస్త పట్టింది. వారమంతా పేపర్లు దిద్దిన కళ్ళకు ఆ ఎండ భారంగా తోచింది.

“హాస్టల్ అని రాసెయ్యండి మేడమ్, మనవాళ్ళకు ఠక్కున అర్థమవుతుంది,” అన్నారు రమణగారు. “నన్ను ఆరో క్లాసులోనే గుడివాడలో వేశారు. ఏడ్చాను, చదివాను. ఆ సాంబారు తిని బతికినవాణ్ణి, దేన్నైనా తట్టుకుంటాను.”

“డాడ్, డిడ్ తాతయ్య విజిట్ యూ?” వెనక సీట్లోంచి సహస్ర అడిగింది.

“రాకేం? నెలకో ఆదివారం, జంతికల డబ్బాతో.”

అక్కడ టికెట్టు లేదు, చూడడానికి భవనమూ లేదు. గడ్డి, చెట్లు, వాహనాల హోరు. ముందే మాట్లాడుకున్న, ఈ నేల ఆదివాసులైన దరుగ్ తెగ పెద్దావిడ మా కోసం నిలబడి ఉంది. వాళ్ళలోనూ పెద్దవాళ్ళను ఆంటీ అనే పిలుస్తారు కనుక సహస్ర తడబడలేదు.

“ఆంటీ, వాళ్ళ అమ్మానాన్నలు వచ్చేవాళ్ళా?” అని ఇంగ్లిషులో అడిగింది.

“వచ్చేవాళ్ళు,” అందామె నిదానంగా. “పిల్లల్లో కొందరిని పట్టి తెచ్చారు, కొందరిని ఇంట్లోవాళ్ళే నమ్మి అప్పగించారు. తిరిగి తీసుకుపోతామంటే మాత్రం బడివాళ్ళు ఒప్పుకొనేవాళ్ళు కాదు. ఇది ఎన్నిసార్లు చెప్పానో. కాసేపు కూర్చుంటానమ్మా.”

మేమూ పక్కనే కూర్చున్నాం. తిరుగు ప్రయాణంలో రమణగారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అన్నారు: “ఒక దసరాకి ఇంటికెళ్ళి, మళ్ళీ పోనని మొండికేశాను. నాన్న సరేనన్నాడు. ఆ ఏడు ఊళ్ళోనే చదివాను. హాస్టల్ అని రాయకండి మేడమ్.”

ఒక పాఠం తరగతి గదిలో పూర్తయినా, ఇంట్లో ఒక్క మాట దగ్గర ఆగిపోగలదు. ఇన్నేళ్ళుగా చెబుతున్నా, మళ్ళీ మళ్ళీ వివరించాల్సి వచ్చే ఈ అలసట తగ్గలేదు. ఆంటీ అలసట ముందు నాది చెప్పుకోదగ్గది కాదు. మీరు వెళ్ళదలిస్తే ముందుగా దరుగ్ పెద్దలను అడిగి, వారికి వీలైన రోజునే వెళ్ళండి.

చివరికి ఆ పేజీలో ‘పిల్లలను ఇంటికి పంపని బడి’ అని రాశాను. అందులో ‘బడి’ అన్న మాట ఉండవచ్చునా అన్నది నాకింకా తేలలేదు.