ఒక్కసారి తిప్పి పంపే అధికారం

చందూలాల్ నాయక్‌కు కలలు చెప్పుకోవడమంటే ఇష్టం. పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని, కళ్లు సగం మూసి, ఇంకా నిద్రలోనే ఉన్నట్టు చెప్పేవాడు. "రాత్రి మళ్ల గా ఇంట్లకు పోయిన సారూ. గదులే గదులు. గదికొక బల్ల, బల్ల మీద ఒక కాయితం. మనిషి మాత్రం కనవడలే."

ఆ ఇల్లు రాష్ట్రపతి భవన్. ఆ కలలకు కారణం నేనే. నర్మెట్ట బడిలో సాంఘికశాస్త్రం సారును. 2011లో సకల జనుల సమ్మెకు బడి మూతపడితే, పనిలేక దగ్గరి లంబాడీ తండాలో తిరుగుతూ అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ రాజ్యాంగం చెప్పాను. నోరు కట్టుకుని కూర్చోవడం నాకు చేతకాదు.

ఆ బంగళాలో మూడు వందల నలభై గదులున్నాయని చెబితే చందూలాల్ నోరు తెరిచాడు. అప్పుడు రాష్ట్రపతి ఆడమనిషి. "గంత ఇంట్ల ఉండే తల్లి ఒక్క సంతకం వెడితే తెలంగాణ అయిపాయె గద, ఎందుకు వెడ్తలేదు?" అన్నాడు.

"సొంతంగ పెట్టది నాయక్. మంత్రులు ఏం జెప్తే గదే ఆమె మాట. నచ్చకపోతే మళ్ల ఆలోచించుమని ఒక్కసారి తిప్పి పంపొచ్చు. వాళ్లు మళ్ల గదే పంపితే ఒప్పుకోవాల్సిందే."

చందూలాల్ కడుపు పట్టుకుని నవ్వాడు. "గట్లయితే నేను గూడ రాష్ట్రపతినే!"

నిజమే. ఆ తండా కట్టుబాటు అచ్చం అట్లాగే ఉంది. తగవు వస్తే అయిదుగురు పెద్దమనుషులు తేలుస్తారు. తీర్పు మాత్రం నెత్తిన పగిడి పెట్టుకుని తండా నాయక్ అయిన చందూలాలే చెప్పాలి. నచ్చకపోతే ఒకసారి తిప్పి పంపుతాడు. రెండోసారీ అదే తెస్తే మారుమాట లేకుండా చెప్పాలి.

ఆ నవ్వు పది రోజులు నిలవలేదు. చందూలాల్ తమ్ముడు రాంజీ ఆటో నడిపేవాడు. బండి తీయబోమని తండా అంతా ఒట్టేసుకున్న బంద్ రోజున, జనగామ నుంచి జనాన్ని ఎక్కించుకొచ్చాడు. అదీ రోడ్డు మీద కూర్చున్న తనవాళ్ల ముందు నుంచే. అడిగితే దాచలేదు, "పైసలకు ఆశపడ్డ" అన్నాడు. పెద్దమనుషుల్లో మాన్‌సింగ్‌కు ఒళ్లు మండింది. అయిదుగురూ ఒక మాట మీదికి వచ్చారు. తెలంగాణ వచ్చేదాకా రాంజీకి నిప్పు బంద్, నీళ్లు బంద్, మాట బంద్.

చందూలాల్ తిప్పి పంపాడు. వారం పెట్టండి, నెల పెట్టండి అని బతిమాలాడు. వాళ్లు పక్కకు పోయి మాట్లాడుకుని మళ్లీ అదే తెచ్చారు. "నెలరోజులల్ల తెలంగాణ వస్తది, జర ఓపిక వట్టు" అన్నాడు మాన్‌సింగ్. చందూలాల్ పగిడి సర్దుకుని, తమ్ముడి మొహం చూడకుండా తీర్పు చెప్పాడు. గొంతు కూడా వణకలేదు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే.

సమ్మె అయిపోయింది. ఏడాది గడిచింది. అన్నదమ్ముల ఇళ్లకు నడుమ ఒకటే గోడ. చందూలాల్ కొత్త దారి కనిపెట్టాడు. "రేపు యూరియా లారీ వస్తదట, పొద్దుగాల్నే పోవాలె, ఇన్నవా?" అని ఎద్దును గట్టిగా అడిగేవాడు. తెల్లారేసరికి రాంజీ సంచి పట్టుకుని బయలుదేరేవాడు. చందూలాల్ భార్య చంద్రి అది చూసి నవ్వేది, నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకునేది.

కలలు మాత్రం ఎక్కువయ్యాయి. ఆ బంగళా మెట్లు ఏరిన పత్తిలా మెత్తగా ఉన్నాయట, కాలు పెడితే మోకాలిదాకా దిగిపోతోందట. ఏదో గదిలోంచి రాంజీ దగ్గు వినబడుతుందట, ఆ గది తలుపే దొరకదట. "నేనే సంతకం వెడ్దామని కలం తీసిన సారూ. అండ్ల సిరా లేదు." వింటూ వింటూ నేను కూడా మంచులో నడిచినట్టు ఆ గదుల్లోనే తిరిగేవాణ్ణి. బడిగంట కొడితే గానీ బయటికి వచ్చేవాణ్ణి కాదు.

నడుమ రాష్ట్రపతి మారారు. మనిషి మారినా ఆ పదవి మారదని ధైర్యం చెప్పాను. 2014 జనవరిలో అసెంబ్లీ తెలంగాణ బిల్లును వద్దన్నదని విని చందూలాల్ అన్నం మానేశాడు. "అసెంబ్లీని అడగాలె, గంతే. దాని మాట ఇనాలని యాడ లేదు" అని దగ్గర కూర్చుని తినిపించాను. తండా అంతా రాష్ట్రం కోసం ఎదురుచూస్తోంది. ఈయన తమ్ముణ్ణి పేరుపెట్టి పిలవడం కోసం ఎదురుచూస్తున్నాడు.

మార్చి ఒకటిన రాష్ట్రపతి సంతకం అయింది. చేల గట్ల మీద మోదుగులు విరగబూసి ఉన్నాయి. వారం తిరిగాక చందూలాల్ పెద్దమనుషులను, నన్నూ పిలిచాడు. రాంజీ తన గుమ్మంలోనే నిలబడ్డాడు.

"సంతకమైంది. నా తమ్ముని శిక్ష ఒడిసింది" అన్నాడు చందూలాల్.

మాన్‌సింగ్ నా వైపు తిరిగాడు. "సారూ, తెలంగాణ వచ్చినట్టేనా?"

అవునంటే సరిపోయేది. నా చదువు ఊరుకుంటేగా! "సంతకమైతే అయింది గని, రాష్ట్రమయ్యేది జూన్ రెండుకు" అన్నాను.

"అయితే జూన్ దాకా ఆగాలె" అన్నారు పెద్దలు. చందూలాల్ తిప్పి పంపాడు. వాళ్లు గుసగుసలాడి మళ్లీ అదే చెప్పారు.

ఈసారి చందూలాల్ తీర్పు చెప్పలేదు. పగిడి తీసి మాన్‌సింగ్ ఒళ్లో పెట్టాడు. "జూన్ దాకా నాయక్ ఆగుతడు. నేనాగ" అని లేచి, రాంజీ గుమ్మం ముందుకు పోయి నిలబడ్డాడు. "రాంజీ, జర మంచినీళ్లియ్యి."

రాంజీ చెంబుతో నీళ్లు తెచ్చాడు. అన్న గటగటా తాగుతుంటే, చేతులు కట్టుకుని, వాళ్ల లంబాడీ మాటలో మెల్లగా ఏదో అడిగాడు. నాకు అర్థమైంది ఇది: "అన్నా, గా పగిడి ఆ రోజే తీసేస్తే అయిపోతుండె గద?"

చందూలాల్ చెంబు దించి నా వైపు చూశాడు. రాష్ట్రపతికి ఉన్న అధికారాలన్నీ పూసగుచ్చినట్టు చెప్పిన నేను, రాజీనామా చేయవచ్చని మాత్రం ఆయనకు ఎన్నడూ చెప్పలేదు.