పోశన్న నోరు, సిరాజ్ ఈల

ఈ కథకు మూలం నేను రాసిన ఫిర్యాదే కాబట్టి, దీన్ని చెప్పే బాధ్యత కూడా నాదే.

నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్లే పొద్దుటి బస్సుకు సిరాజ్ కండక్టరు. మూడు తరాలుగా పుస్తకాలకు అట్టలు కట్టే కుటుంబం వాళ్లది. ఆ ఇంట్లో కోడిని కూడా "మీరు" అని పిలుస్తారని ఊళ్లో చెప్పుకునేవారు. కాలు పెట్టే సందు లేని బస్సులో కూడా అతను, "అవ్వా, జర మెహర్బానీ చేసి లోపలికి జరుగుండ్రి" అనేవాడు. మేకపిల్లతో ఎక్కినవాడిని సైతం కసిరి ఎరగడు.

డ్రైవరు పోశన్న మోస్రా ఊరి రైతుబిడ్డ. చేయి బంగారం. పదకొండేళ్లలో ఒక్క కోడిపిల్ల కూడా అతని చక్రం కింద పడలేదు. నోరు మాత్రం ఎడ్ల వెనక నడుస్తూ నేర్చుకున్నది. చెరుకు సీజన్ వస్తే బోధన్ రోడ్డు నిండా బండ్లే. ఏ బండి అడ్డమొచ్చినా బండివాడి తల్లిని, చెల్లిని, ఏడు తరాలను, చివరికి ఎడ్లను కూడా వదలకుండా వరస కలిపేవాడు. ఆడవాళ్లు కొంగుతో చెవులు మూసుకునేవారు. నేను బోధన్ బడిలో తెలుగు పంతుల్ని. రోజూ ఇదే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆ రోజు చెప్పాల్సిన పద్యం నెమరేసుకుంటుంటే ఈ పురాణం చెవిన పడేది. ఫిర్యాదు పుస్తకం కండక్టరు రేకు పెట్టెలో ఉంటుంది, అడిగితే ఇచ్చి తీరాలి. పందొమ్మిది వందల అరవై ఆరులో, దసరా వెళ్లిన వారానికి అడిగి రాశాను. నాకంటే ముందే ఎవరో ఒకటి రాసి ఉన్నారు.

డిపోలో పోశన్నను పిలిచి ఒకటే మాట చెప్పారట. మూడో ఫిర్యాదు పడితే స్టీరింగ్ మీద నుంచి దించి, షెడ్డులో బస్సులు కడిగిస్తామని.

"స్టీరింగ్ లేకుంటే నేనెట్ల బతుకుత సిరాజ్ భాయ్?" అన్నాడు పోశన్న. "తిడుదామని తిడుతనా? నాకు తెల్వకుంటనే నోట్లకెళ్లి వస్తయి."

సిరాజ్ ఆలోచించాడు. తిట్టు మొదలవగానే ఈల వేసి దాన్ని కప్పేస్తానన్నాడు.

మర్నాడు జానకంపేట దాటగానే ఒక బండి అడ్డమొచ్చింది. "ఓరి నీ..." అన్నాడో లేదో, ఈల మోగింది. ఒక ఈలంటే బస్సు ఆపమని, రెండంటే పొమ్మని. పదకొండేళ్లుగా పోశన్న కాలు ఈల మాటే వింటోంది. బస్సు ఆగింది. తిట్టు కూడా ఆగింది.

"ఎవలు దిగుతున్రు?" అన్నాడు పోశన్న.

"ఎవలు దిగుతలేరు. నీ నోటికి ఊదిన," అన్నాడు సిరాజ్.

రెండు ఈలలు పడ్డాయి. బస్సు కదిలింది. మళ్లీ బండి, మళ్లీ ఈల. ఎడపల్లి చేరేలోపు పద్నాలుగు సార్లు ఆగాం. బూతు ఒక్కటీ పూర్తిగా బయటికి రాలేదు. నేను బడికి చేరేసరికి నా మొదటి పాఠం గంట అయిపోయింది.

వారం తిరగకముందే జనం కిటుకు పట్టేశారు. ఎడపల్లి అవతల, స్టాపు లేని చోట హన్మవ్వ చేను ఉంది. అక్కడ దింపమని ముసలమ్మ ఏళ్లుగా బతిమాలుతోంది. రూలు ఒప్పుకోదు, మాఫ్ చెయ్యమని సిరాజ్ దండం పెట్టేవాడు. ఇప్పుడు చేను దగ్గర పడగానే ఆమె డ్రైవరు వెనక చేరి, "పోశన్నా, గా బండోడు నిన్ను సూసి మూతి తిప్పిండు కొడుకా," అనేది.

"వాని..."

ఈల. బస్సు ఆగేది. హన్మవ్వ గంప నెత్తినెత్తుకుని, "సల్లగుండు బిడ్డా" అని దిగిపోయేది. ఆమెను చూసి మరో పదిమంది నేర్చుకున్నారు. ఎవరి చేను వస్తే అక్కడ బండివాళ్లు మూతి తిప్పసాగారు.

ఇదేం పద్ధతని సిరాజ్‌ను నిలదీశాను.

"బస్సు నేను ఆపుతలేను సార్. తిట్టుకు ఈల ఊదుతున్న. ఆపేది ఆయన కాలు," అన్నాడు వినయంగా.

ఆలస్యానికి హెడ్మాస్టరు నాకు మెమో ఇచ్చాడు. మర్నాడు బస్సెక్కుతూనే, "పుస్తకం తియ్యి" అన్నాను. సిరాజ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా పెట్టె తెరిచి, పుస్తకాన్ని రెండు చేతులా అందించాడు.

"మీ హక్కు సార్," అన్నాడు.

పోశన్న అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. ఏం రాయాలో తేలక ఎడపల్లి దాటేదాకా పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చివరికి మెమో గుర్తొచ్చి కలం మూత తీశాను.

అప్పుడే పక్క బాటలోంచి ఒక చెరుకు బండి రోడ్డెక్కింది. పోశన్న నోరు మెదపకుండా బ్రేకు తొక్కి, బండిని తప్పించి, ముందుకు పోనిచ్చాడు. నా కలంలోని సిరా అంతా ఉతికిన ధోవతి మీద ఒలికింది.

నా నోట్లోంచి వచ్చింది ఇక్కడ రాయలేను. పద్నాలుగేళ్లు పద్యాలు చెప్పిన నోరు బండివాడి తల్లిని, చెల్లిని, ఏడు తరాలను దాటి ఎడ్ల దాకా ఆగకుండా వెళ్లింది. అంతా పోశన్న చెప్పిన పాఠమే. ఒక్క అక్షరం కూడా తప్పలేదు.

ఈల మోగింది. బస్సు ఆగింది.

పోశన్న వెనక్కి తిరిగాడు. "ఎవలు దిగుతున్రు?" అన్నాడు.

హన్మవ్వ నన్ను ఎగాదిగా చూసి, "పంతులుకు గీడ చేను లేదు గద కొడుకా," అంది.

పుస్తకం మూసి సిరాజ్ చేతిలో పెట్టాను. అతను నవ్వలేదు. దాన్ని పెట్టెలో భద్రం చేసి, రెండు ఈలలు వేశాడు.