లైటెయ్యని డ్రైవరు

అసిరయ్య మా చెల్లెలు దాలమ్మ మొగుడు. అరవై అయిదు పాకిస్తాన్ యుద్ధంలో మిలట్రీ లారీ తోలి వచ్చాడు. వచ్చాక సాలూరులో నేను డ్రైవరుగా పనిచేసే లారీల షావుకారు కాళ్లావేళ్లా పడి అతనికి లారీ ఇప్పించింది నేనే. "మా బావలాంటి డ్రైవరు ఈ జిల్లాలో లేడండీ" అని గొప్పలు కూడా పోయాను. నా నోటికదో జబ్బు.

మొదటి ట్రిప్పుకి పక్కన కూర్చున్నాను. కొరాపుట్‌లో ఉప్పు దించి వస్తున్నాం. ఘాటు దిగుతుండగా పొద్దు గూకింది. అతను లైటెయ్యలేదు.

"లైటెయ్యి బావా!"

చీకట్లోనే తోలుతున్నాడు. మలుపులో ఎదురు లారీ వచ్చేసింది. నేనే స్విచ్చి నొక్కాను. నా చెయ్యి విదిల్చికొట్టి ఆర్పేశాడు. కొండవార రాసుకుంటూ బండి ఆగింది. ఎదుటి డ్రైవరు మా ఏడు తరాలనూ తిట్టి పోయాడు.

"సంపేద్దువు కదరా!" అని చెయ్యెత్తాను. అతను స్టీరింగు మీద తలపెట్టేశాడు.

"యుద్ధంలో రాత్రి లైట్లార్పి తోల్తుంటే నా ఎనకాల బండి గోతిలో పడింది బావా. ఒక్క నిమిసం లైటెయ్యమని ఆ బండి డ్రైవరు బల్‌దేవ్ అడిగినాడు. ఏసినాను. పైనించి పాకిస్తానోళ్ల ఇమానం సూసీసి బాంబేసీసింది. ఆడు బండితో పాటు కాలిపోనాడు."

ఎత్తిన చెయ్యి దించుకున్నాను. అతన్ని పక్కకి జరిపి లారీ నేనే తెచ్చాను.

"షావుకారికి సెప్పకు బావా, స్టీరింగు తప్ప నాకింకేటొచ్చు?" అని బతిమాలాడు. సరేనన్నాను. ఇంకో రెండు ట్రిప్పులు చూశాను. పొద్దు గూకితే అదే తంతు. ఎవరి ప్రాణమో పోతుందని భయపడి చివరికి నేనే చెప్పేశాను. షావుకారు అతన్ని పనిలోంచి మాన్పించేశాడు. బావ లారీ తాళం తువ్వాలుతో తుడిచి నా చేతిలో పెట్టాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

నెల్లాళ్లు వాళ్ల గుమ్మం తొక్కలేకపోయాను. ఒక సాయంత్రం గుండె చిక్కబట్టుకుని వెళ్తే ఇల్లంతా చీకటి.

"దీపాలేళ కొంపలో సీకటేటే, సిగ్గునేదా?" అని చెల్లెల్ని కసిరాను.

"మెల్లగా అన్నా! నానెలిగించడం, ఆయన ఊదీడం. నిన్నట్నించి మానీసినాను" అంది.

లోపల కంచం ముందు బావ కూర్చున్నాడు. అన్నం ముట్టలేదు.

"ఎవులు?"

"నానే బావా."

"లారీ లైటార్పీసే వొచ్చినావా?"

"ఆర్పీసినాను బావా" అన్నాను.

నిజానికి నేను లారీలో రాలేదు, నడిచే వచ్చాను. ఆ మాట విన్నాకే అతను ముద్ద కలిపాడు.