చాందిని పాలు

ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ పశువైద్యుడిగా పనిచేశాను. చచ్చిన జంతువును కోసి, ఎందుకు చచ్చిందో రాసి సంతకం పెట్టడం నా ఉద్యోగంలో భాగం. కారణం దొరకని కేసుల్లో ‘కారణం తెలియలేదు’ అని రాశాను. అంతకుమించి ఆలోచించలేదు. దయ్యాలు, గాలి సోకడం లాంటివి నేను నమ్మను. కింద రాసింది జరిగాక కూడా నమ్మడం లేదు. చూసింది చూసినట్టు చెబుతున్నాను, అంతే.

రిటైరయ్యాక హనుమకొండ సుబేదారిలో ఉంటున్నాను. రెండేళ్ల కింద నా భార్య వసంత పోయింది. ఇంట్లో ఒక్కణ్నే కూర్చోలేక, చేతిలో పట్టుకెళ్లే స్కానింగ్ మిషన్ ఒకటి కొనుక్కుని, పిలిచిన వాళ్ల దగ్గరికి వెళ్తున్నాను.

అట్లా పిలిచినవాడే మాకు దగ్గర్లోని కాశిబుగ్గలో ఉండే యాకయ్య. వాళ్ల నాయన మగ్గం నేసేవాడు. యాకయ్యకు నేతలో బతుకు కనిపించలేదు. పెళ్లి బారాత్‌లకు గుర్రాన్ని తీసుకెళ్లే పని పట్టుకున్నాడు. ఇంట్లో మగ్గం గుంట పూడ్చి, ఆ గదినే గుర్రానికి కొట్టం చేశాడు. గుర్రం పేరు చాందిని. తెల్లటి ఆడగుర్రం, పద్నాలుగేళ్లది. దాని తల్లి కూడా ఆ ఇంట్లోనే పనిచేసి అక్కడే చచ్చిపోయింది. చాందినికి మాత్రం పిల్ల నిలవలేదు. రెండుసార్లు చూడి కట్టి రెండుసార్లూ నెలలు నిండకముందే ఈసుకుపోయింది. వయసు మీరుతోంది, ఇంకొక్కసారి చూద్దాం, తర్వాత వద్దు అని నేనే చెప్పాను.

యాకయ్య కంటే ఆయన భార్య కొమురమ్మకు ఆ పిల్ల మీద ఆశ ఎక్కువ. చాందినికి దాణా పెట్టేదీ, మాలీషు చేసేదీ ఆమే. తనకంటే గుర్రమే ఎక్కువైందని యాకయ్య నా ముందే ఎత్తిపొడిచాడు. కొమురమ్మ తలెత్తకుండానే అంది:

“గుర్రమన్నా చెప్పిన మాట ఇంటది.”

శ్రీరామనవమికి ముందు మగగుర్రంతో దాటించారు. పదహారో రోజు స్కానింగ్‌లో పిండం కనిపించింది. ఇరవై ఎనిమిదో రోజు గుండె కొట్టుకోవడం కనిపించింది. గర్భం నిలవడానికి ఇవ్వాల్సిన ఇంజెక్షన్లు ఇచ్చాను. బారాత్‌లు మాన్పించాను. యాభయ్యో రోజు చూస్తే గుండె ఆగిపోయి ఉంది. ఇంకో పది రోజులకు గర్భసంచి ఖాళీ.

కొమురమ్మ నమ్మలేదు. చాందిని ఎదకు రావడం లేదు కదా, కడుపుతో ఉన్నట్టే ఉంది కదా అంది. ఆడగుర్రాల్లో ఇది మామూలే. ముప్పై అయిదు రోజులు దాటాక పిండం పోతే, గర్భాన్ని నిలబెట్టే హార్మోన్ ఇంకా కొన్ని నెలలు తయారవుతూనే ఉంటుంది. ఆమెకు అర్థమయ్యేటట్టు చెప్పాను. అంతా విని, “అయితే దాని పెయ్యికి ఇంకా తెల్వదన్నట్టు” అంది. అవును, ఒంటికి ఇంకా తెలియదన్నాను.

నాలుగైదు నెలలకు ఆ హార్మోన్ ఆగిపోవాలి. ఆగే ఉంటుంది. తర్వాత రెండుసార్లు స్కానింగ్ చేశాను. ఏమీ లేదు.

పదకొండు నెలలు నిండాక, శివరాత్రి వెళ్లిన మూడో రోజు, పొద్దున యాకయ్య ఫోన్ చేశాడు.

“సారూ, జర వచ్చి చూడుండ్రి. ఇది ఈనేటట్టు జేస్తాంది.”

వెళ్లాను. పొదుగు నిండి ఉంది. చన్నుల చివర మైనంలాంటి బొట్లు ఉన్నాయి. ఈనడానికి ముందు గుర్రాలకు అట్లాగే ఉంటుంది. చాందిని పడుకుంది, లేచింది, చెమట పట్టింది, మళ్లీ పడుకుని ముక్కింది. చెయ్యి పెట్టి చూశాను. లోపల ఏమీ లేదు. ఒక అరగంటకు అది తనంతట తనే తేరుకుని లేచి, వెనక్కి తిరిగి, గడ్డిని నాకడం మొదలుపెట్టింది. గొంతులోపల సన్నగా శబ్దం చేసింది. ఆ శబ్దం తల్లి గుర్రాలు పుట్టిన పిల్లతోనే చేస్తాయి.

గర్భం లేకుండా పాలు దిగడం అరుదు. కానీ పుస్తకాల్లో ఉంది. ఆ రోజు నాకు పెద్దగా ఆశ్చర్యం వేయలేదు.

రెండో రోజు వెళ్లేసరికి కొట్టం గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. గడప దగ్గర ఇనుప ముక్క పెట్టి ఉంది. చాందిని తల్లి ఈనినప్పుడు ఆ ఇంట్లో ఇరవై ఒక్క రోజులు పురుడు పాటించారట, గుర్రాన్ని గడప దాటించలేదట. ఇప్పుడూ అంతే అంది కొమురమ్మ. పిల్ల లేదు కదమ్మా అన్నాను. ఆమె వాదించలేదు. నిండిన పొదుగు గంటకోసారి ఖాళీ అవుతోందని మాత్రం చెప్పింది.

ఆరో రోజు నేనే కూర్చున్నాను. పొద్దున పది గంటలు. గదికి ఒకటే తలుపు, దాన్ని మూశాను. కిటికీలోంచి ఎండ పడుతోంది. మేక గానీ కుక్క గానీ లోపల లేదు. పొదుగు పట్టి చూశాను, బిగువుగా ఉంది. పాలు కారితే తెలియాలని దాని కింద గడ్డి తీసేసి పొడి బూడిద చల్లాను. తలుపుకు ఆనుకుని స్టూలు వేసుకున్నాను.

పదీ ఇరవైకి చాందిని మెడ తిప్పి తన డొక్క వైపు చూసింది. ఎడమ వెనక కాలు కొంచెం వెనక్కి జరిపింది. పిల్లకు పొదుగు అందడానికి తల్లి అట్లా జరుపుతుంది. ఆ సన్నటి శబ్దం చేసింది. దాని కింద ఏమీ లేదు. నేను కళ్లు తిప్పలేదు. అది వంగలేదు, తన పొదుగును తను తాకలేదు. నాలుగైదు నిమిషాలు కదలకుండా నిలబడి, కాలు మళ్లీ ముందుకు పెట్టుకుంది.

లేచి పట్టుకుని చూశాను. పొదుగు మెత్తగా వేలాడుతోంది. రెండు చన్నులూ తడిగా ఉన్నాయి, చివర కొంచెం నురగ. బూడిద మీద ఒక్క పాలచుక్క లేదు. చిన్న గిట్టల గుర్తులు కూడా లేవు. ఉన్నాయని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది. కానీ లేవు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా పెళ్లయిన రెండో ఏడు, ఎనిమిదో నెలలో వసంత కడుపులోనే బిడ్డ పోయింది. మూడో రోజుకు వసంతకు పాలు వచ్చాయి. మందుల షాపుకు వెళ్లి పాలు ఆగడానికి మాత్ర నేనే తెచ్చాను. డాక్టర్ రాసిందే. వసంత ఏమీ అడగకుండా మింగింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లలో ఆ రోజు గురించి మేం మాట్లాడుకోలేదు.

ఆ కొట్టంలో ఇంకోసారి కూర్చోవడం నా వల్ల కాలేదు. యాకయ్యను బయటికి పిలిచి, ఇట్లాగే వదిలేస్తే పొదుగు వాపు వస్తుందని, గుర్రం మళ్లీ ఎదకు రాదని చెప్పాను. దాణా తగ్గించమన్నాను, పాలు పిండొద్దన్నాను, బయట తిప్పమన్నాను. ఇదంతా సరైన వైద్యమే. మర్నాడు పొద్దున ఊళ్లోనే ఒక బారాత్ ఉందన్నాడు. తీసుకెళ్లమన్నాను. కొమురమ్మ ఇరవై ఒకటో రోజు దాకా ఆగమని బతిమాలింది. యాకయ్య నా మొహం చూశాడు. ఫికర్ లేదు, పొమ్మన్నాను.

చాందిని గడప దాటడానికి మొరాయించిందట. ముందు యాకయ్య లాగి, వెనక ఇంకొకరు నెట్టి తీసుకెళ్లారట.

మధ్యాహ్నం మూడింటికి తిరిగొచ్చింది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. వీధి మలుపులోనే పగ్గం తెంపుకుని, వీపు మీద జరీ గుడ్డతోనే పరుగెత్తి కొట్టంలోకి దూరింది. నాలుగు మూలలూ వాసన చూసింది. గడ్డిని మూతితో తిరగేసింది. తర్వాత పిలవడం మొదలుపెట్టింది. మర్నాటికి దాని గొంతు బొంగురుపోయింది.

పొదుగు నిండింది. ఈసారి ఖాళీ కాలేదు. రెండో రోజుకు గట్టిపడి వేడెక్కింది. నాలుగో రోజు నుంచి తగ్గుతూ వచ్చి, పన్నెండో రోజుకు పూర్తిగా ఎండిపోయింది. పుస్తకం ప్రకారం చూస్తే నా వైద్యం ఫలించినట్టే.

చివరిరోజు సూదిమందు ఇచ్చి చేతులు కడుక్కుంటుంటే కొమురమ్మ చెంబుతో నీళ్లు పోసింది. పోస్తూ మెల్లగా అడిగింది:

“తాగినన్ని దినాలు తాగనిస్తే మీకేం పోతుండె సారూ?”

నేను చేతులు తుడుచుకుని సంచి సర్దుకున్నాను.

ఆ తర్వాత చాందిని ఎదకు రాలేదు. ఇక వస్తుందని నేను అనుకోవడం లేదు. ఇప్పటికీ బారాత్‌లకు వెళ్తుంది. మేత తింటుంది, చెప్పినట్టు నడుస్తుంది. ఆ గదిలో మాత్రం పడుకోదు. బయట రేకుల కింద కట్టేస్తున్నారు.

అయిదు నిమిషాల్లో అన్ని పాలు ఒంట్లోకి ఇంకిపోవు. కారిపోలేదు. తాగే ప్రాణి అక్కడ లేదు. నాకు తెలిసిన పశువైద్యులు ఇద్దరిని అడిగాను. ఒకరు నేను సరిగా చూసి ఉండనన్నారు. ఇంకొకరు, ఈ మధ్య సరిగా నిద్రపడుతోందా అని అడిగారు. ఆ రెండూ నేనూ ఆలోచించుకున్నాను. అయినా సరిపోవడం లేదు.

ఆ పాలు ఎవరు తాగారో నాకు తెలియదు. ఆపింది మాత్రం నేనే.